ది గారి మనం

మా అక్క మొగుణ్ణి మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా ఉంటే 'మాస్టారూ' అంటారు, మలుపు తిరగ్గానే 'ది గారు' అంటారు. ఇంగ్లీషులో మాటకి ముందు తగిలించే ఆ చిన్న ముక్క మీద ఆయనకున్న ప్రేమలో పావు వంతు పెళ్ళాం మీద ఉన్నా మా అక్క బతుకు ఇంకోలా ఉండేది.

'ది' ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో అడగని పాపానికి కూడా చెప్తారు. కూరగాయల కొట్లో చెప్తారు. గడ్డం గీయించుకుంటూ చెప్తారు, కత్తి గొంతు మీద ఉన్నా ఆగరు. "సూర్యుడు ఒక్కడే, అందుకని ది సన్. చంద్రుడు ఒక్కడే, అందుకని ది మూన్." పెళ్ళైన కొత్తల్లో మా అక్క ముచ్చటపడి, "నేనూ మీకు ఒక్కదాన్నే కదండీ, నాకూ ది వస్తుందా?" అని అడిగిందట. ఆయన నవ్వలేదు. "మనుషుల పేర్లకి రాదు. ఆ మాత్రం తెలీదా?" అన్నారట. ఈ మాట నాకు చెప్పి అక్క తెగ నవ్వింది. నాకు మాత్రం ఆ రోజే ఆయనంటే రోత పుట్టింది, ఇప్పటికీ పోలేదు.

ఇది ఆయన జీవిత చరిత్ర. ఆయనే రాసుకుంటే ఇంగ్లీషులో రాసుకునేవారు. అందులో ఒక్క తప్పూ ఉండేది కాదు, మేమూ ఉండేవాళ్ళం కాదు. అందుకని నేను చెప్తున్నాను.

ఆయన తండ్రి సైకిళ్ళు బాగుచేసేవాడు. చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, ఏ పుల్ల వదులైందో చెప్పేసేవాడని ఇప్పటికీ అంటారు. కొడుకు చేతికి గ్రీజు అంటకూడదని చదివించాడు. మా బావ మిగతా అన్నిట్లో కుంటుకుంటూ గట్టెక్కి, ఇంగ్లీషులో మాత్రం బోలెడు మార్కులు తెచ్చుకున్నారు. పాత కాగితాల కొట్లో అట్ట ఊడిపోయిన లావుపాటి గ్రామరు పుస్తకం ఒకటి దొరికిందట. దాంతో ఇక కళ్ళు నెత్తికెక్కాయి. పదహారో ఏట ఒకనాడు నిచ్చెనేసుకుని ఎక్కి, తండ్రి కొట్టు మీదున్న బోర్డు చెరిపేశారు. తండ్రి తన చేత్తో ముచ్చటగా రాసుకున్న బోర్డు అది, 'హియర్ సైకిల్ రిపేరింగ్' అని. తప్పట. మరి ఒప్పేమిటో రాయొచ్చుగా? అక్కడ 'సైకిల్' అనాలా, 'సైకిల్స్' అనాలా, దాని ముందు ఏం పెట్టాలి అని మూడు వారాలు తేల్చుకోలేకపోయారు. మూడు వారాలూ బోర్డు ఖాళీగా వేలాడింది. కొట్టు మూసేశారనుకుని జనం పక్కవీధి కొట్టుకి పోయారు, వాళ్ళలో సగం మంది మళ్ళీ రాలేదు. ఆ తండ్రి కొడుకుని ఒక్క మాట అనలేదు. పైగా, "వాడికి ఇంగ్లీషు వచ్చు" అని వచ్చినవాళ్ళకి గర్వంగా చెప్పుకున్నాడు. మా అందరి ఖర్మా అక్కడే మొదలైందని నా అనుమానం.

తర్వాత ఆయనకి నాలుగంతస్తుల పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చింది. పై అంతస్తులో కిటికీ పక్కన బల్ల. వచ్చిన ఉత్తరాలకి ఇంగ్లీషులో జవాబులు టైపు చెయ్యాలి, యజమానులు ఇంగ్లీషులో చెప్పింది కింద పనివాళ్ళకి మన భాషలో చెప్పాలి. అదే హోటల్లో అన్నిటికంటే అడుగున, వంటగది వెనక, లాండ్రీ ఉంది. పెళ్ళైన ఏడాదికి మా అక్క అందులో చేరింది, అక్క వెనకే నేనూ చేరాను, వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. గదికి ఒకటే కిటికీ, అదీ కార్లు నిలిపే చోటికి తెరుచుకుంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి ఆవిరి మొదలైతే గోడల మీంచి నీళ్ళు కారేవి. అందులో పదకొండుమంది ఆడవాళ్ళం దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టేవాళ్ళం. పై నుంచి మా బావగారు దిగొస్తే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే దిగేవారు.

సాయంత్రాలు ఇంటి మేడ మీద గదిలో ఇంగ్లీషు క్లాసు. బల్ల మీద ఎప్పుడూ ఒక నీలం అట్ట పుస్తకం ఉండేది. తప్పుల పుస్తకం. ఎవరు, ఏ రోజు, ఏం తప్పు మాట్లాడారు, దానికి ఒప్పేమిటి అని నాలుగు గళ్ళు గీసి రాసేవారు. ఒకరి తప్పు ఇంకొకరికి చదివి వినిపించేవారు. ఆ పుస్తకంలో లేనిది ఆయన పేరు ఒక్కటే.

మన భాషలో అమ్మ వచ్చినా 'వచ్చింది' అంటాం, బస్సు వచ్చినా 'వచ్చింది' అంటాం. కొత్తగా నేర్చుకునేవాళ్ళ నోటికి తేడా ఎలా తెలుస్తుంది? నర్సు పనికి వెళ్దామనుకున్న ఒక పిల్ల నిలబడి, "మై మదర్, ఇట్ కేమ్" అంది. ఆయన బల్ల మీద కొట్టి మరీ నవ్వారు. "ఇట్ అంటే వస్తువమ్మా. మీ అమ్మ బల్లా? కుర్చీయా?" అని ఇరవై నిమిషాలు ఆ పిల్లని నిలబెట్టే ఉంచారు. హోటల్లో లిఫ్టు నడిపే ఆయన పాపం చిన్నప్పటి సంగతి చెప్పబోయి, "ఐ ఏట్ మెనీ బీటింగ్స్" అన్నాడు. మనం దెబ్బలు తింటాం కదా, ఆయనా తిన్నానన్నాడు. "ఉప్పేసుకునా, వేసుకోకుండానా?" అన్నారు మా బావ. లిఫ్టాయన కూడా అందరితో కలిసి నవ్వాడు. మరుసటి వారం నుంచి అతనూ రాలేదు, ఆ పిల్లా రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. మేడ మెట్లెక్కేటప్పుడు పది ముక్కలు మాట్లాడగలిగినవాళ్ళు, దిగేటప్పుడు ఆ పదీ అక్కడే వదిలేసి దిగేవాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళని నేను చూడలేదు, మానుకున్నవాళ్ళని చూశాను.

మా అక్కకి ఇంగ్లీషు లాండ్రీలో వచ్చింది. బస చేసినవాళ్ళ బట్టల మీద చీటీలు గుచ్చేది. 'బటన్ గాన్. ఐ స్టిచ్?' అని ఒకటి. 'టీ మార్క్ నాట్ గోయింగ్. ఐ ట్రై త్రీ టైమ్. సారీ' అని ఇంకొకటి. వాళ్ళకి చక్కగా అర్థమయ్యేది. ఒకావిడ ఆ చీటీ వెనకే 'థాంక్యూ' అని రాసి పంపింది. దాన్ని అక్క ఇంటికి తెచ్చి బావకి చూపించింది. ఆయన చీటీ తిప్పి, వెనకున్న థాంక్యూ చూడకుండా, ముందున్నది నీలం పుస్తకంలో ఎక్కించారు. 'టైమ్స్', ఎస్ పెట్టాలట.

పొద్దున్నే పనికి బయల్దేరుతూ అక్క సరదాగా, "ఐ గో కమ్" అనేది. గడప దాటుతూ 'వెళ్తాను' అనం కదా, 'వెళ్ళొస్తాను' అంటాం. అదీ పుస్తకంలోకి ఎక్కింది. ఒకటి కాదు, రెండు కాదు. మూడేళ్ళు తిరిగేసరికి ఆయన ముందు అక్క ఇంగ్లీషులో నోరు విప్పడం మానేసింది. నోట్లో నాలుక లేనిదై కూర్చునేది. కానీ కంచం దగ్గర మాత్రం మొగుణ్ణి ఎప్పటిలాగే చూసుకునేది. క్లాసు ఎంత ఆలస్యమైనా తను ముద్ద ముట్టేది కాదు. "మనం కలిసి తిందాం, రానీ" అనేది. నాకు కడుపు మండిపోయేది, ఆకలికి కొంత, ఆయన మీద కొంత.

ఇలా ఉండగా ఒక బుధవారం, రోడ్డుకి అవతలున్న పెద్దాస్పత్రి గోడ మీద కాగితం అంటించారు. వాళ్ళ లాండ్రీకి అయిదుగురు ఆడవాళ్ళు కావాలి, శనివారం మధ్యాహ్నంలోగా పేర్లు ఇవ్వాలి. జీతం మా జీతమే. పని మాత్రం పక్కా. మామూలుగా అయితే మేం ఆ కాగితం వైపు తల తిప్పేవాళ్ళం కాదు. కానీ హోటలు వాళ్ళు ఊరి చివర కొత్త బిల్డింగు కట్టారు, వచ్చే నెల అక్కడికి మారుతున్నారు. లాండ్రీ కూడా మారుతుందా లేదా అన్నది ఎవరూ చెప్పడం లేదు. మారితే సరే. మారకపోతే పదకొండుమందిమీ రోడ్డు మీదే. అందుకని ఆ మూడు రోజులూ మా గదిలో ఆవిరి కంటే ఆ మాటే ఎక్కువ తిరిగింది.

గురువారం పదకొండింటికి చిన్న యజమాని లాండ్రీకి వచ్చాడు. పెద్దాయన కొడుకు. ఎక్కడో పెరిగాడు, మన భాష ముక్క రాదు. బట్టల బుట్ట అంచుకి ప్యాంటు తగలకుండా జాగ్రత్తగా నిలబడ్డాడు. పక్కన మా బావ, ముక్కు మీద రుమాలు తీసేసి, మెడ చాచుకుని. ఆయన జీవితంలో అంతమంది ఒకేసారి ఆయన నోటి వైపు చూడటం అదే మొదలు అనుకుంటాను. పదకొండుమందిమీ చేతిలో పని ఆపేసి నిలబడ్డాం.

చిన్న యజమాని, "వుయ్ ఆర్ మూవింగ్ టు ది న్యూ బిల్డింగ్ నెక్స్ట్ మంత్" అన్నాడు.

బావ గొంతు సవరించుకుని, "మనం వచ్చే నెల కొత్త బిల్డింగుకి మారుతున్నాం" అన్నారు.

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మడతలు పెట్టే పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మనం. అంతకంటే ఏం కావాలి? నా పక్కనున్నావిడ అప్పుడే, కొత్త గదికి కిటికీలు ఎన్నుంటాయో అని గొణగడం మొదలెట్టింది.

"వుయ్ హావ్ వెయిటెడ్ ఎ లాంగ్ టైమ్ ఫర్ దిస్."

"మనం దీని కోసం చాలా కాలంగా ఎదురుచూశాం."

"అండ్ వుయ్ ఆర్ వెరీ గ్రేట్‌ఫుల్ టు యూ."

"మరియు మనం మీకు ఎంతో కృతజ్ఞులం."

ఆ 'మరియు' పుస్తకాల్లో తప్ప మనుషుల నోట వినం, నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు. ఇస్త్రీపెట్టె పక్కకి జరిపి, నా చెవిలో, "మనం మీకు ఏంటే? మనం అయితే మీరెవరు?" అంది. నేను "ఊరుకో" అన్నాను. అక్షరాలా ఆ మాటే అన్నాను. దానికి నన్ను నేను ఈ రోజుకీ తిట్టుకుంటాను.

అక్క ఊరుకోలేదు. పదిహేనేళ్ళుగా మొగుడి ముందు ఇంగ్లీషు మాట్లాడని మనిషి, చెయ్యి తుడుచుకుని రెండడుగులు ముందుకేసింది. "సర్," అంది. "దిస్ వుయ్, సర్. మీ ఇన్‌సైడ్? మీ ఔట్‌సైడ్?"

చిన్న యజమానికి అర్థమైంది. నేను ఆయనకి ఎదురుగానే నిలబడ్డాను, నా కళ్ళతో చూశాను. మొహంలో రంగు మారింది, జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

ఆయన నోటి నుంచి మాట వచ్చేలోపు మా బావ అడ్డొచ్చారు. "'యామ్ ఐ ఇంక్లూడెడ్' అనాలి," అన్నారు అక్కతో, అందరికీ వినపడేలా. "మీ ఇన్‌సైడ్ ఏమిటి, మీ ఔట్‌సైడ్ ఏమిటి? 'మీ' అని మొదలెట్టకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను?" తర్వాత చిన్న యజమాని వైపు తిరిగి, నడుం వంచి, "సారీ సర్. మై వైఫ్. హర్ గ్రామర్ ఈజ్ వెరీ పూర్" అన్నారు.

చిన్న యజమాని తెరిచిన నోరు మూసుకున్నాడు. బతికిపోయాడు. చిన్నగా నవ్వి, మణికట్టు చూసుకుని, "నో నో, వెరీ స్వీట్" అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. బావ ఆయన వెనకాలే వెళ్ళారు. మెట్ల మీద కూడా సారీ చెప్తూనే ఉన్నారు.

అడగాల్సిన ప్రశ్న అడిగింది మా అక్క ఒక్కతే. దానికి జవాబు రాకుండా, ప్రశ్నకి దిద్దుబాటు వచ్చింది. ఇక మావాళ్ళ సంగతి చెప్పాలా? మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఆ రోజంతా పదిమందీ అక్కని చూసి నవ్వారు. బుట్ట అందిస్తూ ఒకామె, "ఇన్‌సైడ్ పెట్టనా, ఔట్‌సైడ్ పెట్టనా?" అంది. నేనూ నవ్వాను. అక్క ఏడవలేదు. దుప్పటి మీద ఇస్త్రీ గట్టిగా రుద్దుతూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది.

శుక్రవారం పొద్దున్న ఆయన బూట్లకి పాలిష్ పెట్టుకుంటుంటే అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను వాకిట్లో జడ వేసుకుంటున్నాను, అంతా వినపడుతోంది.

"ఏమండీ, ఒక్కటి అడుగుతాను. నిన్న ఆయన అన్నది మనం అనేనా, మేం అనా?"

"వుయ్ అన్నారు."

"అదే. వుయ్ అంటే మనమా, మేమా?"

"వుయ్ అంటే వుయ్. ఫస్ట్ పర్సన్ ప్లూరల్."

"అది కాదండీ. మనం అంటే నేనూ ఉన్నట్టు. మేం అంటే నన్ను బయట నిలబెట్టినట్టు. ఇంగ్లీషులో ఆ రెంటికీ రెండు మాటల్లేవా?"

బావ బ్రష్ పక్కన పెట్టారు. "లేవు. ఎదిగిన భాషకి ఒకటి చాలు. మనకి రెండున్నాయంటే అది మన వెనకబాటుతనం."

"మరి ఆయన మనసులో ఏదుందో ఎలా తెలుస్తుంది?"

"సందర్భాన్ని బట్టి."

"సందర్భం ఆయనకే తెలుసు కదా. ఇవాళ పైకెళ్ళి ఒక్కసారి అడగండి. లాండ్రీ వాళ్ళు కూడానా అని. ఇంగ్లీషులో మీరే అడగండి, తప్పు లేకుండా. రేపు మధ్యాహ్నంలోగా ఆస్పత్రిలో పేర్లివ్వాలి. పదకొండు ఇళ్ళు దాని మీద ఉన్నాయి."

ఆయన బ్రష్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "నేను వెళ్ళి వుయ్ అంటే ఏంటి సర్ అని అడగాలా? ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. ప్రొనౌన్ తెలీదనుకోరూ?"

అక్క లేచి లోపలికి వెళ్ళి ఆయన డబ్బాలో అన్నం సర్దింది.

కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి. 'ఎ' అనాలో 'యాన్' అనాలో నీలం పుస్తకంలో రెండు పేజీలు చర్చించిన మనిషి. ఊళ్ళో ఎవరి నోటి తప్పైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టినట్టు పట్టుకునే మనిషి. అంతటి పండితుడికి, పదకొండుమంది కూడు ఆధారపడ్డ ఒక్క మాటకి అర్థం అడగడానికి మాత్రం సిగ్గేసింది.

శనివారం పది గంటలకి అక్క ఇస్త్రీపెట్టె ఆపేసి చెప్పులేసుకుంది. "నేను ఆస్పత్రిలో పేరివ్వడానికి పోతున్నా. ఇంకా నాలుగు ఖాళీలున్నాయి. ఎవరొస్తారు?" అంది. మడతలు పెట్టే పెద్దమ్మ లేచింది, సబ్బు కలిపే ఆమె లేచింది. అక్క నా వైపు చూసింది.

"అక్కా, బావ మనం అన్నారుగా," అన్నాను.

"ఆయన అన్నారు. వాళ్ళు అన్లేదు," అంది.

"ఇంగ్లీషు ఆయనకొచ్చా, నీకొచ్చా?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆయన్ని ఏనాడూ నమ్మనిదాన్ని, ఉప్పు ఉప్పగా ఉంటుందని ఆయనంటే నాలిక మీద వేసుకుని చూసుకునేదాన్ని, సరిగ్గా ఆ ఒక్కరోజు ఇంగ్లీషు చూసి నమ్మాను. కొత్త బిల్డింగు, కొత్త కిటికీలు, గోడల మీంచి నీళ్ళు కారని గది. నమ్మాలనిపించింది, నమ్మేశాను. ఇప్పుడు తల్చుకుంటే ఆయన కంటే నన్ను చూస్తేనే నాకు ఎక్కువ అసహ్యం.

అక్క "సరే, వెళ్ళొస్తా" అని వెళ్ళింది. ఆస్పత్రి లాండ్రీ పెద్దాయన ముగ్గురి చేతులూ తిప్పి చూశాడట. అరిచేతుల్లో కాలిన మచ్చలు చూసి, సోమవారం నుంచి రమ్మన్నాడట. గ్రామరు అడగలేదు.

నెలాఖర్న లారీలు వచ్చాయి. మంచాలు వెళ్ళాయి, బీరువాలు వెళ్ళాయి, అద్దాలు వెళ్ళాయి, ఆఫీసు బల్లలు వెళ్ళాయి, ఆఖరికి కుండీల్లో మొక్కలు కూడా వెళ్ళాయి. మా గది వైపు ఎవరూ రాలేదు. రెండో రోజు సాయంత్రం తలుపు మీద కాగితం అంటించారు. ఇంగ్లీషులోనే. దుప్పట్లు ఇక బయట కంపెనీకి మిషన్ల మీద ఉతకడానికి ఇచ్చేశారు, మా సేవలు ఇక అవసరం లేదు. ఆ కాగితం కూడా 'వుయ్' అనే మొదలైంది. ఈసారి అది ఏ వుయ్యో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఎనిమిదిమంది కాగితం కింద నిలబడి ఉండగా బావ మెట్లు దిగారు. రెండు చేతుల్లో డిక్షనరీ, ఆయన బల్ల మీది పెన్నుల డబ్బా. కొత్త బిల్డింగులో ఆయనకి చోటుంది. ఆయన చెప్పింది ఆయన వరకూ నిజమే, ఆయన 'మనం'లో ఆయన ఉన్నారు.

నేను దారికి అడ్డం నిలబడ్డాను. "బావా, ఆ రోజు మేము అనాలని మీకు తెలుసా, తెలీదా?"

"అనువాదంలో సందిగ్ధత ఉంది," అన్నారు.

"తెలుసా, తెలీదా?"

"జరుగు. లారీ వెళ్ళిపోతుంది," అన్నారు.

తెలిసి అన్నారో, తెలియక అన్నారో నేను ఇంతవరకూ తేల్చుకోలేదు. తెలిసి అంటే దొంగ. తెలియక అంటే ఇరవై ఏళ్ళు దేన్ని చూసుకుని మమ్మల్ని పురుగుల్లా చూశారు? ఏదైనా ఒకటే, మనిషి మాత్రం అంతే. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళి లారీ ఎక్కారు.

ఇప్పుడు నేను వేరే గదిలో ఉంటూ, సందు చివర ఇస్త్రీ కొట్లో పనిచేస్తున్నాను. అక్క ఆస్పత్రిలో పెద్దాయనకి నా గురించి చెప్పి ఉంచింది, ఖాళీ పడితే పిలుస్తామన్నారు. మిగతా ఏడుగురిలో ముగ్గురికి ఇంకా పని దొరకలేదు. దారిలో ఎదురైతే నవ్వరు. నా మొహం చూస్తే వాళ్ళకి మా బావ గుర్తొస్తారు కాబోలు, తప్పు లేదు.

మొన్న ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. మేడ మీద క్లాసు జరుగుతోంది, ఇప్పుడు నలుగురే వస్తున్నారు. క్లాసయ్యేదాకా ఉండి, వాళ్ళు దిగిపోయాక పైకెక్కాను. నీలం పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాను.

"రాయండి బావా. పేరు, మీ పేరు. తేదీ, ఆ గురువారం. తప్పు, మనం. ఒప్పు, మేము. ఒక్క వరస ఖాళీ ఉంది, సరిపోతుంది."

ఆయన పుస్తకం వైపు చూశారు. నా వైపు చూశారు. నిజంగా ఆలోచించారు, అది ఒప్పుకోవాలి. ఆలోచించి, పుస్తకం మూసి, మెల్లగా చెప్పారు.

"అది మన భాషలో తప్పు. ఈ పుస్తకం ఇంగ్లీషు తప్పులకి."

నాకు కోపం కూడా రాలేదు. గళ్ళు గీసిన ఆ పుస్తకంలో తను ఎందుకు పట్టరో చెప్పడానికి కూడా ఆయన దగ్గర రూలు ఉంది. నేను పెన్ను మూత పెట్టేసి కిందికొచ్చాను. అక్క వంటింట్లో ఉంది. పైన జరిగింది మెట్ల మీదుగా వినే ఉంటుంది. రెండు కంచాలు కడిగి పెట్టి, "కూర్చో" అంది. నేను ఆయన కోసం ఆగుదామా అన్నట్టు పైకి చూశాను. అక్క అన్నం వడ్డించేసింది. ఆకలి మీదున్నామేమో, ఇద్దరం కడుపు నిండా తిన్నాం. కంచాలు కడిగి బోర్లించాం.

అప్పుడు దిగారు ఆయన. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ, ఎప్పటిలాగే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమే, ఆకలేస్తోంది. మనం ఎప్పుడు తిందాం?"

అక్క పొయ్యి గట్టు తుడుస్తోంది. తల తిప్పలేదు.

"మేం తినేశాం," అంది.